గొంతు దగ్గర వేడి తగ్గిందని రాసుకున్నాను: నా రేకీ పుస్తకంలోంచి ఒక కేసు

పద్మ గారు మొదటిసారి మా ఇంటికి వచ్చింది 2023 జూన్‌లో, మృగశిర కార్తె వెళ్ళిన వారం. అసలు పేరు అది కాదు. ఇది రాసి ఆమెకు చదివి వినిపించి, సరేనన్నాకే బయటపెడుతున్నాను. వయసు 47. ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతారు. వనస్థలిపురం నుంచి చైతన్యపురికి బస్సులో వచ్చి, రెండంతస్తులు మెట్లెక్కి, కుర్చీలో కూర్చుని ముందు ఓ గ్లాసు మంచినీళ్ళు అడిగారు.

ఆమె బాధ కొత్తదేం కాదు. ఫిబ్రవరిలో అత్తగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. పగలు స్కూలు, రాత్రి ఆవిడ సేవ. రెండింటికి మెలకువ వచ్చేస్తే మళ్ళీ నిద్ర పట్టదు. మెడ నుంచి కుడి భుజం దాకా లాగేస్తోంది. స్టాఫ్ రూములో ఎవరో నా పేరు చెప్పారట.

బ్యాంకు ఉద్యోగంలో ఉండగానే, 2009లో రేకీ (చేతులు ఆనించి ఒంట్లోకి శక్తిని పంపుతామనే జపాన్ పద్ధతి) మొదటి డిగ్రీ, అంటే మొదటి స్థాయి శిక్షణ, తీసుకున్నాను. ఉద్యోగం మానేశాక పైగదిలో ఒక మంచం, ఒక ఫ్యాన్, ఒక టేబుల్ వేసి మొదలుపెట్టాను. వచ్చిన ప్రతివాళ్ళ గురించీ నోట్‌బుక్‌లో రాసే అలవాటు బ్యాంకు నుంచే వచ్చింది. ఆ రోజు రాసింది ఇదీ: "నిద్ర లేదు. మెడ, కుడి భుజం నొప్పి. ఇంట్లో టెన్షన్. థైరాయిడ్."

అంతే. మన దగ్గర "నాకు థైరాయిడ్ ఉంది" అనడం "నాకు కళ్ళజోడు ఉంది" అన్నంత మామూలు మాట. ఆ గ్రంథి అందరికీ ఉంటుంది. ఆమెకు వచ్చిన చిక్కు, అది సరిగ్గా పని చెయ్యకపోవడం. ఏ మాత్ర వేసుకుంటున్నారు, ఎంత డోసు, చివరి రక్తపరీక్ష ఎప్పుడు చేయించారు, ఒక్కటీ అడగలేదు. ఆరేళ్ళుగా రోజూ పొద్దున్నే 75 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ వేసుకుంటున్నారని నాకు తెలిసింది అక్టోబరులో.

అడగాల్సినవి అడగలేదు గానీ చెప్పాల్సిన దానికంటే ఎక్కువే చెప్పాను. "మన శరీరానికి తనను తాను బాగు చేసుకునే శక్తి ఉంటుందండీ. రేకీ దానికి దారి ఇస్తుంది. దీనివల్ల నష్టం మాత్రం ఏమీ ఉండదు." ఈ మూడు వాక్యాలూ కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేదాన్ని. పైగా ఆమె కుర్చీకి ఎదురుగా గోడ మీద నా పాత కరపత్రం అంటించి ఉంది. అందులో ఒక వరసలో షుగర్, బీపీ, థైరాయిడ్, మైగ్రేన్. నేను నోటితో ఏం చెప్పినా, ఆమె కళ్ళు చదివింది ఆ వరసనే.

జూన్, జూలై: బాగుంది

వారానికో సెషన్. తల నుంచి పాదాల దాకా 24 చోట్ల, ఒక్కోచోట మూడేసి నిమిషాలు. గంటా పన్నెండు నిమిషాలు. రెండో వారానికే నిద్ర పట్టడం మొదలైంది. మూడో సెషన్‌లో సన్నగా గురక పెట్టారు. మెడ నొప్పి సగానికి తగ్గిందన్నారు.

ఆ మూడో సెషన్ అయిన మర్నాటి నుంచే ఆమె థైరాయిడ్ మాత్ర ఆపేశారు. నాకు చెప్పారు కూడా. వెళ్తూ వెళ్తూ, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "గోలీలు గూడ తగ్గించిన మేడం" అన్నారు. నిద్రమాత్రలేమో అనుకున్నాను. "మంచిదండీ" అన్నాను. ఆ "మంచిదండీ" నా పుస్తకంలో లేదు. ఆమెకు మాత్రం బాగా గుర్తుంది.

మాత్ర ఆపాక మొదటి వారం ఏమీ కాలేదు. రెండో వారమూ కాలేదు. మూడో వారంలో ఆమె స్టాఫ్ రూములో చెప్పేశారు, రేకీతో థైరాయిడ్ తగ్గిపోయిందని.

ఇలా ఎందుకు జరుగుతుందో తర్వాత డాక్టరు గారు కాగితం మీద గీసి చూపించారు. లెవోథైరాక్సిన్ రక్తంలోంచి సగానికి తగ్గడానికే సుమారు ఏడు రోజులు పడుతుంది. మరో వారానికి పావు, ఇంకో వారానికి అందులో సగం. పూర్తిగా ఖాళీ అయ్యేసరికి ఐదారు వారాలు. అందుకే మోతాదు మార్చినా ఆరు వారాలు ఆగి పరీక్ష చేస్తారు. ఇన్సులిన్ ఒకరోజు ఆపితే ఒళ్ళే చెప్పేస్తుంది. ఈ మాత్ర ఆపితే నెల రోజులు ఒళ్ళు నోరు మెదపదు. సరిగ్గా ఆ నెలలో చేతులు పెట్టినవాళ్ళకి పేరొస్తుంది. నా హస్తవాసికి ఆధారం ఆమె ఒంట్లో మిగిలిన పాత మందు.

మా ఊళ్ళో ఈ హస్తవాసి మాటకున్న బలం తక్కువది కాదు. ఏటా మృగశిర నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఉబ్బసం వాళ్ళు కొర్రమీను పిల్లతో ఇచ్చే మందు కోసం బారులు తీరి నిలబడతారు. వాళ్ళను చూసి నవ్వేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. మనది జపాన్ పద్ధతి, డిగ్రీలున్నాయి, సర్టిఫికెట్లున్నాయి కదా అని.

ఆగస్టు: "క్లెన్సింగ్"

ఆగస్టు రెండో వారంలో ఫోను. నీరసంగా ఉంది, మెట్లెక్కితే కాళ్ళు బరువు, జుట్టు కుచ్చుళ్ళుగా ఊడుతోంది, మోషన్ సరిగా కావడం లేదు. నేను ఒక్క క్షణం కూడా ఆగకుండా ఇచ్చిన జవాబు: "కంగారు పడకండి, అది క్లెన్సింగ్. లోపలి మలినాలు బయటికొస్తున్నాయి. 21 రోజులు అలాగే ఉంటుంది. నీళ్ళు ఎక్కువ తాగండి."

ఈ 21 రోజుల సంగతి కాస్త చెప్పాలి. రేకీని ప్రారంభించిన మికావో ఉసుయి జపాన్ దేశస్థుడు, 1865లో పుట్టాడు. 1922లో క్యోటో దగ్గరి కురామా కొండ మీద 21 రోజులు ఉపవాసం ఉండి ధ్యానం చేస్తే ఈ శక్తి అనుభవమైందని చెబుతారు. ఆ 21 మా తరగతుల్లోకి వచ్చేసరికి ఒంట్లోని మలినం పోయే గడువుగా మారిపోయింది. ఒక మనిషి కొండ మీద ఎన్ని రోజులు కూర్చున్నాడన్న లెక్కకూ, ఇంకో మనిషికి జుట్టు ఊడటానికీ సంబంధం ఏమిటని నేను ఎవరినీ అడగలేదు. నన్నూ ఎవరూ అడగలేదు.

మాకు నేర్పిన కథలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఉసుయి క్రైస్తవ బోధకుడని, అమెరికా వెళ్ళి షికాగో విశ్వవిద్యాలయంలో చదివాడని మా మొదటి క్లాసులో చెప్పారు. వెతికినవాళ్ళకి అక్కడి రికార్డుల్లో ఆయన పేరు దొరకలేదు. హవాయి నుంచి రేకీని పాశ్చాత్య దేశాలకు తీసుకెళ్ళిన హవాయో టకాటా చెప్పిన కథ అది. ఏడు చక్రాలు కూడా ఉసుయి పద్ధతిలోవి కావు. మన యోగ, తంత్రాల్లోంచి పాశ్చాత్యులు తీసుకుని రేకీకి అతికించారు. చక్రాలు కనిపించగానే మనవాళ్ళు "ఇది మన పురాతన విద్యే, బయటికెళ్ళి తిరిగొచ్చింది" అనుకుంటారు. ప్రాణిక్ హీలింగ్‌నీ దీన్నీ ఒకటే అనుకునేవాళ్ళు సగం మంది. అది వేరు, చోవా కోక్ సుయి పెట్టినది, అందులో ఒంటిని తాకరు. చరిత్ర తప్పయితే ప్రాణమేం పోదు. క్లెన్సింగ్ అన్న మాట అలాంటిది కాదు.

ఆ మాటలో ఉన్న చిక్కు ఇదీ. తగ్గితే రేకీ పని చేసినట్టు. పెరిగితే రేకీ ఇంకా గట్టిగా పని చేస్తున్నట్టు. ఇక పని చెయ్యలేదని తెలిసే దారేది? బ్యాంకులో ఇలాంటి ఖాతా ఎవరైనా చూపిస్తే, జమ అయినా లాభమే, ఖర్చయినా లాభమే అంటే, ఆ పూటే ఆడిట్‌కి పంపేదాన్ని.

సెప్టెంబరు: గొంతు

ఈ నెల నోట్స్ చదవాలంటే నాకు ఇప్పటికీ మొహం చెల్లదు.

పద్మ గారి గొంతు మారింది. బొంగురుగా, మాట ఎక్కడో లోపల్నుంచి వస్తున్నట్టు. క్లాసులో వెనక బెంచీకి వినపడటం లేదన్నారు. మొహం ఉబ్బింది, కళ్ళ కింద సంచులు. నేను రాసుకున్నది: "విశుద్ధ చక్రం బ్లాక్. అత్తగారి విషయంలో మనసులో మాట బయటికి చెప్పలేకపోతోంది." విశుద్ధ అంటే గొంతు దగ్గరి చక్రం. అందుకే అక్కడ మూడు నిమిషాల బదులు పది నిమిషాలు చేతులు ఉంచాను. 16వ తేదీ: "గొంతు దగ్గర వేడి చాలా ఉంది." 23: "వేడి కొంచెం తగ్గింది." 30: "గొంతు దగ్గర వేడి బాగా తగ్గింది. ఎనర్జీ ఫ్లో బాగుంది."

ఆ తర్వాత కొద్ది రోజులకే తీసిన రక్తంలో, థైరాయిడ్ మందగించినప్పుడు పెరిగే టీఎస్‌హెచ్ 64. ఉండాల్సింది, ల్యాబును బట్టి కొంచెం అటూ ఇటూగా, 0.4 నుంచి 4 లోపు.

అంటే నా చేతులు బాగుపడుతోందని చెబుతున్న వారాల్లోనే జబ్బు ముదురుతోంది. చేతికి తెలియడం అన్నదాని మీద నాకున్న నమ్మకం ఆ ఒక్క అంకెతో కదిలిపోయింది. తర్వాత చదివాను. 1998లో అమెరికాలో ఎమిలీ రోసా అనే చిన్నపిల్ల చేసిన ప్రయోగం అక్కడి వైద్య సంఘం పత్రికలో అచ్చయింది. అది థెరప్యూటిక్ టచ్ అనే ఇంకో చేతుల వైద్యం మీద, రేకీ మీద కాదు; కానీ ఎదుటి ఒంటి శక్తి చేతికి తెలుస్తుందనే మాట రెండింట్లోనూ ఉంది. 21 మంది హీలర్లు అట్టముక్కకున్న కన్నాల్లోంచి చేతులు చాపుతారు. ఆ పిల్ల నాణెం ఎగరేసి, తన చేతిని వాళ్ళ కుడి చేతి మీదో ఎడమ చేతి మీదో ఆనించకుండా ఉంచుతుంది. ఏ చేతి మీద ఉందో చెప్పాలి. 280 సార్లలో సరిగ్గా చెప్పింది 44 శాతం. కళ్ళు మూసుకుని ఏదో ఒకటి చెప్పినా సగం రావాలి. మా అమ్మాయిని కూర్చోబెట్టి మధ్యలో దుప్పటి అడ్డం కట్టి నేనూ చేశాను. 20లో 9. "మళ్ళీ చేద్దామా?" అంది. వద్దన్నాను.

అక్టోబరు: ఫ్యాన్

నా తెలివితో బయటపడిన కేసు కాదిది. ఫ్యాన్ వల్ల బయటపడింది. బతుకమ్మ సెలవులకు ముందు శనివారం, మధ్యాహ్నం. చెమటలు కారే ఉక్క. మంచం మీద పడుకుని పద్మ గారు "ఫ్యాన్ బంద్ చేస్తరా మేడం, చలి పెడ్తుంది" అన్నారు. దుప్పటి కూడా అడిగారు. చేతులు చల్లగా, చర్మం గరుగ్గా. మణికట్టు పట్టుకుంటే నాడి బాగా నెమ్మదిగా ఉంది. గడియారం చూసి లెక్కపెట్టాను. 52.

అప్పుడడిగాను, నాలుగు నెలల తర్వాత. "మీరు మందులేమైనా వేసుకుంటున్నారా?"

"లేదు కదా మేడం. థైరాయిడ్ గోలీ ఆపేసిన అని మీకు చెప్పిన కదా. మీరు మంచిది అన్నరు."

ఆ తర్వాత ఇంకో మాట కూడా అన్నారు, ఎంతో ప్రేమగా. "అంతా మీ చేతి చలవ."

సెషన్ ఆపేశాను. వాళ్ళాయనకు ఫోన్ చేస్తే, "గోలీలు బంద్ జేసిందని నాకు గూడ తెల్వది మేడం" అన్నారు. ఆ సాయంత్రమే రక్తం ఇప్పించి, రిపోర్టు పట్టుకుని మర్నాడు నేనూ వాళ్ళతో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉంటే హాయిగా ఉండేదని ఒప్పుకుంటాను. కొలెస్ట్రాల్ 268 ఉంది, అదీ దీనివల్లే పెరుగుతుందట. ఆయన నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. "ఏ రోజు ఆపారు?" అని మాత్రం రెండుసార్లు అడిగారు. నా నోట్‌బుక్‌లో మాత్ర సంగతే లేదు కాబట్టి నా దగ్గర జవాబు లేదు. పద్మ గారే గుర్తు చేసుకుని చెప్పారు. ఇలాగే వదిలేస్తే గుండె మీదికీ స్పృహ మీదికీ వచ్చే ప్రమాదం ఉందని ఆయన చెబుతుంటే నేను నేల చూస్తూ కూర్చున్నాను.

మాత్ర మళ్ళీ మొదలైంది. పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. కాఫీ, టిఫిన్ దాని తర్వాత కాసేపాగి. కాల్షియం, ఐరన్ మాత్రలకు దానికీ నాలుగు గంటల ఎడం. ఆరు వారాలకు టీఎస్‌హెచ్ 9.2. డోసు కొంచెం సరిచేశారు. ఫిబ్రవరిలో 3.1. సంక్రాంతికి ఫోన్ చేసినప్పుడే గొంతు మామూలుగా ఉంది. మొహం వాపు అంతకుముందే తీసింది. జుట్టుకు మాత్రం ఇంకొన్నాళ్ళు పట్టింది.

మరి ఆ నిద్ర సంగతి?

జూన్‌లో నిద్ర పట్టడం అబద్ధం కాదు. దాన్ని నేను కొట్టేయను. కానీ దానికి పేరు పెట్టేముందు ఆమె ఇంటిని చూడాలి. రెండు గదుల ఇంట్లో మంచాన పడ్డ అత్తగారు, ఇంటర్ చదివే కొడుకు, పొద్దున ఐదింటికి వచ్చే నల్లా నీళ్ళు. నా గదిలో గంటా పన్నెండు నిమిషాలు ఫోన్ ఆఫ్. తలుపు వేసి ఉంటుంది. ఎవరూ "అమ్మా" అని పిలవరు. ఇంకొకరు ఏమీ అడగకుండా తల మీద చెయ్యి వేసి కూర్చుంటారు. చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ వేసిన చెయ్యి తర్వాత ఆమెకు అలాంటిది దొరికిందో లేదో.

దీనికి విశ్వశక్తి అవసరమా? 2008లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో ఫైబ్రోమయాల్జియా అనే ఒళ్ళంతా నొప్పుల జబ్బున్న వంద మందిని తీసుకుని, కొందరికి రేకీ మాస్టర్లతో, కొందరికి రేకీ చేస్తున్నట్టు నటించే నటులతో చేయించారు. నొప్పిలో తేడా రాలేదు. 2015లో, వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ ఆందోళన, డిప్రెషన్ మీద రేకీ అధ్యయనాలు వెతికితే లెక్కలోకి తీసుకోదగ్గవి మూడే దొరికాయి. అన్నిట్లోనూ కలిపి అలాంటి బాధలున్నవాళ్ళు 62 మంది. పని చేస్తుందనీ చెయ్యదనీ చెప్పడానికి అవి చాలవన్నారు. రేకీ చెప్పే శక్తి ఉన్నట్టు ఏ పరికరమూ ఇంతవరకు చూపలేదు. వీటిని చదివాక కూడా నేను గది మూసెయ్యలేదు. నటులు చేసినా అంతే అయితే నేను చేసినా ఆ విశ్రాంతి దొరుకుతుంది కదా అని నా వాదన. తోటి హీలర్లకు ఈ మాట అస్సలు నచ్చదు. మా వాట్సాప్ గ్రూపులో ఒకావిడ నన్ను "నెగెటివ్" అంది.

రేకీని ఎగతాళి చేసేవాళ్ళ అపోహల గురించి మావాళ్ళు గంటలు మాట్లాడతారు. అది క్షుద్రపూజ కాదు, మతం కాదు, చేతబడి కాదు అని. నిజమే, కాదు. కానీ ఎగతాళి చేసేవాడు నా గదికి రాడు, నా వల్ల చెడిపోడు. నమ్మి వచ్చినవాళ్ళ అపోహలే నా బాధ్యత. అందులో పెద్దది నేను రోజూ నా నోటితో చెప్పినదే: "దీనివల్ల నష్టం ఏమీ ఉండదు." చేతుల వల్ల నష్టం లేదు, నిజమే. పద్మ గారికి నష్టం చేసింది నా చేతులు కాదు, నా మాటలు, గోడ మీది కాగితం, గుమ్మంలో అన్న "మంచిదండీ". రేకీ నేర్పిన ఉసుయి కూడా 60 ఏళ్ళకే, 1926లో పక్షవాతంతో పోయాడు. ఆయన సూత్రాల్లో "ఈ ఒక్క రోజుకు కోప్పడను, ఆందోళన పడను" అని ఉంది గానీ, మందులు మానెయ్యమని లేదు.

ఆ కరపత్రం చింపేశాను. చింపాక తెలిసింది, అది చట్టానికీ విరుద్ధమేనని. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో షుగర్, బీపీ, క్యాన్సర్ లాంటి 54 జబ్బుల జాబితా ఉంది; వాటిని నయం చేస్తామని ప్రకటించకూడదు. ఆయుష్ కింద గుర్తించిన పద్ధతుల్లో ఆయుర్వేదం, యోగా, ప్రకృతి వైద్యం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా, హోమియో ఉన్నాయి. రేకీ లేదు. మా సర్టిఫికెట్ల మీద బంగారు రంగు ముద్ర ఎంత మెరిసినా అవి మేము మాకిచ్చుకున్నవే.

ఇప్పుడు నోట్‌బుక్ మొదటి పేజీలో మందులు, డోసు, ఎవరు రాశారు, చివరి పరీక్ష తేదీ రాయిస్తున్నాను. ప్రతి సెషన్‌కీ మళ్ళీ అడుగుతాను. విసుక్కుంటారు. "చక్రం బ్లాక్" అన్న మాట రాయడం మానేశాను. నాడి, బరువు, నిద్ర గంటలు రాస్తున్నాను. కొత్త బాధ ఏది చెప్పినా ముందు డాక్టరు, తర్వాతే మంచం. ఇలా చేశాక వచ్చేవాళ్ళు తగ్గారు.

పద్మ గారు నెలకోసారి ఇప్పటికీ వస్తున్నారు. ఎందుకొస్తున్నారని అడిగితే "గంట సేపు పండుకోనీకి" అన్నారు.

ఇంకొక్క పని మిగిలింది. జూలైలో స్టాఫ్ రూములో ఆమె మాట విన్నవాళ్ళలో ముగ్గురు తమ మందుల జోలికి వెళ్ళారని డిసెంబరులో తెలిసింది. ఇద్దరం కలిసి ఒక్కొక్కరితో మాట్లాడాం. ఒకావిడ థైరాయిడ్ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటోంది, వెంటనే సరిచేసుకుంది. ఇంకొకావిడ బీపీ మాత్ర సగం చేసింది. ఆవిడని వాళ్ళమ్మాయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మూడో ఆవిడ షుగర్ మాత్రలు పూర్తిగా ఆపేసి, ఈ మధ్యే ఇంకెక్కడో రెండో డిగ్రీ కూడా తీసుకుంది. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "మీకు కుదర్లేదేమో మేడం, మా మాస్టర్ వేరే" అని ఫోన్ పెట్టేసింది.